చెన్నరాయస్వామి సారు పెట్టెలో బొరుగులు

బెంగళూరులో మేముంటున్న ఇంట్లో, నేను పనిచేసుకునే బల్ల కింద, కాళ్లకు అడ్డం తగిలేలా ఒక పాత కంప్యూటర్ పెట్టె ఉంది. ఒకప్పుడు పాలమీగడ రంగులో ఉండేది, ఇప్పుడు ముసలివాళ్ల పళ్లలా పసుపుబారింది. దాని పక్క రేకును రెండు వేళ్లతో కాస్త జరిపితే చాలు, తుప్పు, దుమ్ము, ఎండిపోయిన గంధం, పాతబడిన కుంకుమ, వాటన్నిటి అడుగున మెత్తబడిన బొరుగుల వాసన గుప్పుమంటుంది. పాత సామాన్ల వాడికి వేసేద్దామని మా ఆయన ఏడాదికి రెండుసార్లు అంటాడు. నేను వినిపించుకోను. చిన్ననాటి వాసన తగిలితే కొందరికి కళ్లు చెమరుస్తాయట. నాకు పళ్లు పటపటమంటాయి. ఆ వాసన పీల్చిన ప్రతిసారీ నాకు మళ్లీ పదమూడేళ్లు వస్తాయి, బాగేపల్లిలో ఒక మేడమీది గదిలో రెండు చెవులూ పట్టుకుని నిలబడి ఉంటాను, ఎదురుగా చెన్నరాయస్వామి సారు లెక్కపెడుతుంటాడు.

ఈ వ్యాసంలో చెన్నరాయస్వామి సారు పేరు చాలాసార్లు వస్తుంది. ఊళ్లో అందరూ ఆయన్ను కంప్యూటర్ సారు అనేవాళ్లు. నేను మాత్రం పనిగట్టుకుని పూర్తి పేరే రాస్తున్నాను. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. హైదరాబాదు రోడ్డు మీద లారీలు కర్ణాటక అంచున ఉన్న మా ఊరిని ఒరుసుకుంటూ పోయేవి, వాటి హారన్లను బట్టే మా అమ్మ పొద్దు తెలుసుకునేది. ఊరి వెనకవైపు సందులో మా ఇల్లు, సందు దాటితే మూడెకరాల మెట్టచేను, అందులో ఒక బోరు. చెనిక్కాయ, అంటే వేరుశనగ, పెరికే రోజుల్లో వసారా అంతా పచ్చికాయల మన్ను వాసన, పొయ్యి మీద ఉప్పేసి ఉడికించిన కాయల వాసన కలిసిపోయి, ఆ నెలంతా మా పుస్తకాలూ బట్టలూ కూడా అదే వాసన కొట్టేవి. చలి మొదలయ్యాక అనపకాయలు వచ్చేవి. అమ్మా, అవ్వా, నేనూ గంపెడు గింజలు నానబెట్టుకుని, చుట్టూ కూర్చుని, వేళ్ల చివర్లు ముడుతలు పడేదాకా ఒక్కొక్క గింజనూ పితికి పొట్టు తీసేవాళ్లం. ఆ పితికిపప్పు పులుసులోకి రాగిముద్ద వేడివేడిగా తుంచుకుని మింగుతుంటే నాన్న ఒక్క మాట మాట్లాడేవాడు కాదు, మూడో ముద్దకు గానీ తలెత్తేవాడు కాదు. అవ్వ, అంటే నాన్న వాళ్లమ్మ, తినడం కన్నా మాట్లాడటం ఎక్కువ. చేలో కనబడిన పురుగు దగ్గర్నుంచి ఆకాశంలో పోయే విమానం దాకా ప్రతిదాని గురించీ ఆవిడ దగ్గర ఒక సంజాయిషీ ఉండేది. ఎందుకు, ఎట్లా అని అడిగే రోగం నాకు ఆవిడ నుంచే వచ్చిందని అమ్మ తిట్టేది.

ఎరువుల అంగడి మీద మేడమీద ఉండేది చెన్నరాయస్వామి సారు కంప్యూటర్ సెంటరు. నాలుగు యంత్రాలు, నాలుగింటికీ ఎర్ర వెల్వెట్ గుడ్డ ముసుగులు, వాటికి జరీ అంచులు. చెప్పులు మెట్ల కింద విడవాలి. కాళ్లు కడుక్కోవాలి. కింది ఎరువుల ఘాటు, పైన ఊదుబత్తి వాసన, మధ్యలో వెచ్చబడిన ప్లాస్టిక్ వాసన. ఇవన్నీ కలిసిన గాలే విజ్ఞానమనుకునేదాన్ని నేను. స్కూలు విడిచాక వారానికి అయిదు రోజులు పోయేవాళ్లం. అందులో నాలుగు రోజులు ఆయన నోట్సు చెప్పేవాడు, మేము రాసుకునేవాళ్లం. ప్రోగ్రాములు కూడా కాగితం మీదే రాసి, వేలితో ఒక్కొక్క వరుసనూ తడుముతూ, ఇప్పుడు ఈ డబ్బాలో మూడు ఉంది, ఇప్పుడు నాలుగయింది అని నోటితో నడిపించేవాళ్లం. యంత్రాన్ని ముట్టే భాగ్యం శనివారం పది నిమిషాలు, అదీ ఇద్దరికి ఒకటి. ఆ పది నిమిషాలు చాలక మేము, అంటే ఆడపిల్లలం, మా ఇంటి ముందు బండల మీద సుద్దముక్కతో కీబోర్డు గీసుకుని దాని మీద కుంటుబిళ్ల ఆడేవాళ్లం. ఒకరు ఇంగ్లీషు మాట చెబితే ఇంకొకరు ఒంటికాలి మీద గెంతుతూ ఆ అక్షరాలు వరసగా తొక్కాలి, గీత తొక్కితే ఔట్. ఏ అక్షరం ఎక్కడుందో నా వేళ్లకన్నా ముందు నా కాళ్లకే తెలిసింది.

నాలుగు యంత్రాల్లో ఒకదానికే ఇంటర్నెట్టు. టెలిఫోను తీగ తగిలించగానే అది పిల్లి పోట్లాటలాగా కీచుమని, గరగరలాడి, ఒక్కసారిగా ఊరుకునేది. ఆ ఊరుకోవడం అంటే లోకం అందినట్టు. దాన్ని చెన్నరాయస్వామి సారు తప్ప ఎవరూ ముట్టకూడదు. ఎవరికైనా ఏదైనా తెలుసుకోవాలని ఉంటే చీటీ మీద ప్రశ్న రాసి, కింద పేరు, తరగతి రాసి, బల్ల మీది బిస్కెట్ల డబ్బాలో వేయాలి. పేరూ తరగతీ లేని చీటీని చించి కిటికీలోంచి పారేసేవాడు. మరుసటి రోజు కళ్లు సగం మూసుకుని, గోడకేసి చూస్తూ, ఏదో తన లోపల్నుంచి పైకొస్తున్నట్టు జవాబు చెప్పేవాడు. సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుంది, తిమింగలం ఎంత పొడుగు, అన్నీ చెప్పేవాడు. ఇంత తెలిసిన మనిషి మా బాగేపల్లిలో ఎందుకున్నాడా అని మేము ఆశ్చర్యపోయేవాళ్లం. ఆయన చెప్పేదంతా ఇంటర్నెట్టు తెర మీది వెతికే పెట్టెలో, అంటే సెర్చ్ బాక్సులో, కొట్టి చదువుకున్నదేనని మాకు తెలియదు. వెతకడం అనేది ఎవరైనా చేయగల పని అని కూడా తెలియదు.

నా ప్రశ్న చెనిక్కాయ గురించి. పువ్వు పైన పూస్తుంది, కాయ మన్నులో కాస్తుంది, ఎందుకు? అవ్వనడిగితే, "పైన కాస్తే పిట్టలు తింటాయి కదమే, అందుకే తల్లి దాన్ని మన్నులో దాసిపెడతాది" అంది. బాగానే ఉంది, కానీ పువ్వు పైనుంచి కిందికి ఎట్లా పోతుంది? చీటీ రాసి వేశాను. మరుసటి రోజు చెన్నరాయస్వామి సారు నా చీటీని అందరి ముందూ చదివి, "పాపా, మీ నాయన చేను గురించి అడిగేదానికి కంప్యూటర్ క్లాసు ఎందుకమ్మా? ఇది సిలబస్‌లో లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. మళ్లీ వేశాను. మళ్లీ నవ్వించాడు. మూడోసారి వేసేసరికి చీటీ డబ్బాలోంచి తీసి, చదవకుండానే నలిపి జేబులో పెట్టుకున్నాడు. నాకు ఆ పెట్టెను నేనే అడగాలన్న పట్టుదల ఆ రోజే పుట్టింది.

దసరాలో ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు ఊరంతా ఒకటే సందడి. మడకకూ కొడవలికీ గంధం, కుంకుమ, సైకిళ్లకు అరటిపిలకలు, బస్సులకు పూలదండలు, ప్రతి అంగడి ముందూ కుంకుమ నింపి పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ ముక్కలు, ఎక్కడికి పోయినా గుప్పెడు బొరుగులూ వేయించిన పప్పులూ ఒక మిఠాయి ముక్కా పొట్లం కట్టి చేతిలో పెట్టేవాళ్లు. లారీల వాళ్లు బానెట్ ఎత్తి లోపల ఇంజనుకు కూడా గంధం పూస్తారు. చెన్నరాయస్వామి సారు తమ్ముడు లారీ డ్రైవరు. ఆ ఏడాది తమ్ముడి లారీ పూజ చూసొచ్చి, చెన్నరాయస్వామి సారు తన యంత్రానికి అంతకన్నా తక్కువ జరగకూడదనుకున్నాడు. ఇంటర్నెట్టు యంత్రం పక్క రేకు విప్పాడు. లోపలున్న ఆకుపచ్చ పలక మీదా, ఫ్యాను మీదా నీళ్లతో కలిపిన గంధం బొట్లు పెట్టాడు, వాటి మీద కుంకుమ అద్దాడు. హారతిచ్చి, అక్షతలూ బొరుగులూ కలిపిన గుప్పిలితో లోపలికి మూడుసార్లు చల్లాడు. రేకు మూసి, పైన పూలదండ వేశాడు. అంతా ముందువరసలో నిలబడి నేను కళ్లారా చూశాను. భక్తితో నేను కూడా దండం పెట్టుకున్నాను. అది మటుకు ఒప్పుకోవాలి.

గుమ్మడికాయ కొట్టడానికి అందరూ కిందికి దిగారు. నేను దిగలేదు. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు వాడకూడదు, మర్నాడు మళ్లీ పూజ చేశాకే ముట్టాలి. నాకు ఆ నియమం తెలుసు. అయినా దండ పక్కకు జరిపి స్విచ్ వేశాను, ఎందుకంటే ఆ గదిలో ఎవరూ లేకుండా పోవడం అదే మొదటిసారి, మళ్లీ ఎప్పుడో ఎవరికి తెలుసు? ఫోను తీగ కీచుమని, గరగరలాడి, ఊరుకుంది. వెతికే పెట్టె తెల్లగా ఎదురుచూస్తోంది. వచ్చీరాని ఇంగ్లీషులో నా ప్రశ్న కొట్టాను. కొట్టి, చీటీ అలవాటు చొప్పున దాని చివర నా పేరు, ప్రమీల, ఎనిమిదో తరగతి అని కూడా కొట్టాను. అవి లేకపోతే ఇది కూడా చించి పారేస్తుందేమోనని భయం. అది చించలేదు. నవ్వలేదు. సిలబస్‌లో లేదనలేదు. పేజీ పైనుంచి కిందికి ఒక్కొక్క వరుసే దిగుతోంది, ఒక చెనిక్కాయ చెట్టు బొమ్మ సగం కనబడుతోంది. కింది నుంచి గుమ్మడికాయ పగిలిన చప్పుడు, చప్పట్లు వినిపించాయి. ఒక్క వాక్యం చదివాను, పువ్వు రాలిన తరువాత అని మొదలయింది అది. ఇంతలో పెట్టెలోంచి టప్పుమని ఒక చప్పుడు, కమురు వాసన, తెర నల్లబడిపోయింది. వెనక్కు తిరిగితే గుమ్మంలో చెన్నరాయస్వామి సారు.

అంత మందిలో నన్ను యంత్రం ముందు నిలబెట్టి నూట ఎనిమిది గుంజీలు తీయించాడు. ప్రతి గుంజీకీ యంత్రానికి తప్పయిందని చెప్పాలి. పూజకని కింద ఎరువుల అంగడికి వచ్చి ఉన్న నాన్నను పిలిపించాడు. నాన్న మెట్లెక్కి వచ్చేసరికి నేను డెబ్బై దాటాను, మిగతావన్నీ ఆయన చూస్తుండగానే తీశాను.

"ఏమప్పా, ఆయుధపూజ రోజు ముట్టింది మీ పాప. అమ్మవారికి కోపమొచ్చి యంత్రం సచ్చిపోయింది. నేను ఒక మాట చెప్తా, మనసులో పెట్టుకోవద్దు. ఈ పాపకు యంత్రాలు అచ్చిరావు."

"లోపల బొరుగులు ఏసినారు నాయనా, గంధం పూసినారు, నేను సూసినా" అన్నాను నేను. నాన్న నా వైపు చూడలేదు. ఆయనకు చేతులు జోడించి, నా రెక్క పట్టుకుని కిందికి తీసుకొచ్చాడు. ఇంటికొచ్చాక అవ్వ ఒక్కతే అడిగింది, "దాని కడుపులో ఏముండాదో ఇప్పి సూసినారా లేదా?" అని. ఆ రోజు ఎవరూ విప్పలేదు. న్యాయంగా చెప్పాలంటే, స్విచ్ వేసింది నేనే. తడి గంధం ఆరకముందు ఎవరు స్విచ్ వేసినా అదే జరిగేది. కానీ ఆ తడి నేను పూయలేదు.

పది రోజులకు చెన్నరాయస్వామి సారు బెంగళూరు నుంచి కొత్త యంత్రం తెప్పించానని చెప్పి, నిగనిగలాడే నల్లటి పెట్టె ముందు టెంకాయ కొట్టి మరీ ప్రారంభించాడు. సచ్చిపోయిందన్న పాత పెట్టెను మెట్ల పైన గుమ్మం పక్కనే నిలబెట్టాడు. దాని మీద మైదా జిగురుతో ఒక కాగితం అంటించాడు. కన్నడంలో పెద్ద అక్షరాలు, ముట్టబేడి అని, అంటే ముట్టవద్దని. కింద చిన్న అక్షరాల్లో, ఆయుధపూజ నాడు ముట్టి పాడుచేసినవారు ప్రమీల, ఎనిమిదో తరగతి. పేరు, తరగతి, రెండూ మరచిపోలేదు. కొత్తగా చేరే ప్రతి పిల్లనూ ముందు ఆ పెట్టె దగ్గర నిలబెట్టి నా కథ చెప్పేవాడు.

ఆ కాగితం నన్ను ఇంటిదాకా వెంబడించింది. అమ్మ మిక్సీ ముట్టనిచ్చేది కాదు. వేసవిలో బోరు మోటరు కాలిపోతే, అది ప్రతి వేసవీ కాలిపోయేదే, ముందురోజు నేను స్టార్టరు పెట్టె పక్కన నిలబడ్డానని అమ్మకు గుర్తొచ్చింది. పెళ్లిళ్లలో ఎవరైనా టేపురికార్డరు పెడుతుంటే నా చిన్నాయన కూతురే "ప్రమీలక్కా, నువ్వు దూరముండు" అనేది. నాన్న ఏమీ అనేవాడు కాదు. కానీ ఆ రోజు నుంచి ఎరువుల అంగడి వీధిలో నడవడం మానేశాడు. బస్టాండుకు పోవాలన్నా వెనక సందుల్లోంచి చుట్టూ తిరిగి పోయేవాడు. నా గుంజీలు నేను మరచిపోగలనేమో, నాన్న ఆ చుట్టు తిరగడం మరచిపోలేను. నాకు ఒకటే కోరిక మిగిలింది. ఆ పెట్టెను అందరి ముందూ విప్పాలి, నాన్న చూస్తుండగా విప్పాలి.

టెన్త్ అయ్యాక చింతామణిలో పీయూసీ, అంటే ఇంటరు, అందులోనూ కంప్యూటర్ సైన్సు కావాలన్నాను. ఇంట్లో గొడవయింది. అవ్వ రెండు పూటలు అన్నం మానేసి సాధించింది. చింతామణి హాస్టలు దగ్గర, బస్టాండు వెనక, జబీనక్క అనే ఆవిడ సైబర్ సెంటరు నడిపేది. అయిదు గదులు, అయిదు పూలపూల పరదాలు, లోపల అల్లం టీ వాసన. మొదటి రోజే ఆవిడ ముందు ఒక యంత్రం పాడయింది, నేను రెండడుగులు వెనక్కు వేశాను. "యాల ఎనక్కి పోతాండావు? నిన్నేమన్నా కరుస్తాదా?" అని ఆవిడ స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టింది. "ముందు ఇప్పి సూడు మే. తరువాత ఎవుర్నన్నా తిట్టుకో." ఆదివారాలు ఆవిడ దగ్గరే గడిపాను. ఏ ముక్క దేనికి తగులుతుందో, ఏది కాలితే ఏ వాసనొస్తుందో నేర్చుకున్నాను. టప్పుమని చప్పుడొచ్చి కమురు వాసనొస్తే పోయేది కరెంటు సర్దే ఒక చిన్న డబ్బా మాత్రమేనని, మిగతావన్నీ చాలాసార్లు బతికే ఉంటాయని ఆవిడ చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇంకో రెండు సంగతులు కూడా ఆవిడే చెప్పింది. ఒకటి, వెతికే పెట్టెలో కొట్టిందల్లా యంత్రం గుర్తుపెట్టుకుంటుందని, మొదటి అక్షరం కొట్టగానే పాతవన్నీ కిందికి జారుతాయని. గిరాకీలు సిగ్గుపడతారని ఆవిడ రోజూ సాయంత్రం వాటిని తుడిచేసేది. రెండోది నవ్వుతూ చెప్పింది. "ఎవురొచ్చినా, ఎంత పెద్దోళ్లొచ్చినా, ఒగ తూరి వాళ్ల పేరు వాళ్లే కొట్టి సూసుకుంటారు మే."

చెనిక్కాయ జవాబు అక్కడే పూర్తిగా చదివాను. పువ్వు రాలిన తరువాత దాని అడుగునుంచి ఒక సన్నటి కాడ కిందికి వంగి, మన్నులోకి దిగి, చీకట్లో కాయ అవుతుందట. నాకు నవ్వొచ్చింది. మా చేలో అందరూ ఊడలు దిగినాయి అనేది దాన్నే. మాట మా ఇంట్లోనే ఉంది, అది దేని పేరో అడగడానికి నన్నొక మనిషి మూడేళ్లు ఆపాడు. ఆ కోపంతోనే ప్రోగ్రాములు నేర్చుకున్నాను. నేను సొంతంగా రాసిన మొదటి ప్రోగ్రాము చెన్నరాయస్వామి సారు చేత గుంజీలు తీయించేది. తెర మీద ఆయన పేరు, పక్కన గుంజీ లెక్క. నూట ఎనిమిదికి ఆగేలా రాశాను. తరువాత ఆపే వరుసను తీసేశాను. జబీనక్క వచ్చి కరెంటు తీసేదాకా ఆయన తీస్తూనే ఉన్నాడు. నేర్చుకోవాలంటే ప్రశాంతమైన మనసు కావాలంటారు. నా అనుభవం వేరు.

రెండో ఏడు దసరా సెలవులకు ఇంటికొచ్చాను. ఆయుధపూజ రోజు సెంటరుకు పోదాం రమ్మని నాన్ననడిగాను. రానన్నాడు. అవ్వ కర్రతో నేల మీద కొట్టి, "పోరా, బిడ్డ పిలుస్తాండాది కదా" అంది. నాలుగేళ్ల తరువాత నాన్న ఎరువుల అంగడి వీధిలో కాలుపెట్టాడు. పైన పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ ముప్పై మందికి పైనే ఉన్నారు, అందరి చేతుల్లోనూ బొరుగుల పొట్లాలు. చెన్నరాయస్వామి సారు అప్పుడే గుమ్మం దగ్గర పెట్టె చూపిస్తూ నా కథ చెబుతున్నాడు. నన్ను చూసి కూడా ఆపలేదు.

"సార్, ఒగసారి దీన్ని ఇప్పి సూపిస్తా" అన్నాను, జబీనక్క స్క్రూడ్రైవరు బయటకు తీసి.

"ఈ పొద్దు ఆయుధాలు ముట్టకూడదమ్మా. ఇంకా బుద్ధి రాలేదా?"

"ఇది సచ్చిపోయిందని మీరే అంటాండారు కదా సార్. సచ్చినదానికి పూజ ఎక్కడిది?"

ఎవరో తల్లి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు పూర్తయ్యేలోపే మూడు మరలు తీసేశాను. నాలుగోది తుప్పుపట్టి మొరాయించింది, నాన్న ముందుకొచ్చి రేకు పట్టుకుని లాగాడు. లోపల ఏమీ లేదు. పలక లేదు, ఫ్యాను లేదు, తీగలు లేవు, కాలిన డబ్బా కూడా లేదు. అడుగున మాత్రం గోధుమరంగుకు తిరిగిన గుప్పెడు బొరుగులు, అక్షతలు, గడ్డకట్టిన కుంకుమ. అంటే ఆయన ఆ పది రోజుల్లోనే విప్పాడు. అవన్నీ చూశాడు. అన్నీ ఊడదీసుకుని, బొరుగులు తుడిచే ఓపిక కూడా లేక, మళ్లీ రేకు మూసి, దాని మీద నా పేరు అంటించాడు.

"సామాన్లన్నీ పాడైపోయినాయి, పారేసినా" అన్నాడు చెన్నరాయస్వామి సారు.

నేను లోపలికి నడిచి, దండ వేసిన ఆ నల్లటి కొత్త యంత్రం ముందు కూర్చుని స్విచ్ వేశాను. ఆయన వద్దు వద్దంటూనే ఉన్నాడు. వెతికే పెట్టెలో నా ప్రశ్న మొదటి అక్షరం, ఎందుకు అనే ఇంగ్లీషు మాటలోని డబ్ల్యూ, ఒక్కటి కొట్టాను. పాత ప్రశ్నలన్నీ మెట్లలాగా కిందికి దిగాయి. సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుంది అన్నది కనబడింది. వెనక ఒక పిల్ల, "అది నేనడిగింది!" అని అరిచింది. ఇంకొకడు, "అది నాది" అన్నాడు. వాటి నడుమ ఒక్కదానికే పేరుంది. పువ్వు పైన, కాయ మన్నులో, ఎందుకు, ప్రమీల, ఎనిమిదో తరగతి. నేను చంపానన్న యంత్రం నాలుగేళ్లుగా ఆ గదిలోనే, నల్ల పెట్టెలో కూర్చుని, ఆయనకు జవాబులు అందిస్తూ ఉంది. నాకు పట్టలేనంత సంతోషమయింది, ఇప్పటికీ చెప్పడానికి సిగ్గుపడను.

"పిల్లోళ్లకు బయముండాల కదప్పా, అందుకని పెట్టినా" అన్నాడాయన నాన్నతో. తప్పయింది అనలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

నాన్న గుమ్మం పక్కనున్న పాత పెట్టె దగ్గరకు పోయాడు. కాగితాన్ని గోటితో గీకి చూశాడు, మైదా జిగురు రాలేదు. పెట్టెను ఎత్తి భుజాన పెట్టుకుని మెట్లు దిగాడు. వెనక సందు వైపు తిరగలేదు. ఎరువుల అంగడి ముందు ఆగి, అక్కడున్న వాళ్లకు దించి చూపించాడు. "మా పాప సెడిపిందన్యారే, ఆ కంప్యూటరు. లోపల సూడండప్పా." తరువాత టీ అంగడి, తరువాత సైకిల్ షాపు, బట్టలంగడి, బస్టాండులో దండలు వేసి నిలబెట్టిన బస్సు దగ్గర డ్రైవరు, కండక్టరు. ప్రతిచోటా దించాడు, రేకు జరిపాడు, అదే మాట చెప్పాడు. లారీల వాళ్లయితే టార్చిలైటు వేసి మరీ చూశారు. పది నిమిషాల దారికి రెండు గంటలు పట్టింది. మూడు ముద్దలు తినేదాకా నోరు విప్పని మా నాన్న అన్నిసార్లు అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు, ఆ తరువాతా వినలేదు. ఇంటికి చేరాక అవ్వ పెట్టెలో చెయ్యి పెట్టి ఒక బొరుగు తీసి వెలుతురులో చూసి, "నాలుగేండ్లయినా ఎలకలు కూడా ముట్టలేదు సూడు" అంది. నాన్న కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "మే, పోయి మోటరు స్విచ్చి ఏసిరా పో" అన్నాడు. పోయి వేశాను. నీళ్లు వచ్చాయి.

ఇప్పుడు అవ్వ లేదు. బిస్కెట్ల డబ్బా లేదు, చీటీలు లేవు, ఫోను తీగ కీచుమనే ఆ పాట వినాలంటే దాన్నే వెతకాలి. జబీనక్క పరదాల గదులు పోయి అక్కడ జెరాక్సు షాపు వచ్చింది. మా చేలో ఊడలు దిగే కాలంలో నాన్న తన ఫోన్లోని వెతికే పెట్టెను గట్టిగా, ఆకుల మీద మచ్చలకు మందు యాడ దొరుకుతాదని అడుగుతాడు, అది ఆయన యాడను అర్థం చేసుకోక ఏదేదో చూపిస్తుంది. బండల మీద కీబోర్డు గీసి కుంటుబిళ్ల ఆడిన పిల్లలం ఎవరం ఎక్కడున్నామో కూడా తెలియదు. నేను ఒక వెతుకుడు యంత్రం నడిపే ఆఫీసులో పనిచేస్తున్నాను. ఎవరేమి అడిగినా పేరు, తరగతి అడగకుండా జవాబిచ్చే పని అది. అంతకన్నా మంచి ఉద్యోగం నాకు తెలియదు.

ఇదంతా ఇక్కడితో వదిలేసేదాన్నే. కానీ పోయినేడు చిక్కబళ్లాపురంలో ఒక పెళ్లిలో చెన్నరాయస్వామి సారు కనబడ్డాడు. జుట్టు తెల్లబడింది, చేతిలో కొత్త ఫోను. నా భుజం మీద చెయ్యి వేసి చుట్టూ ఉన్నవాళ్లతో, "ఈ పాప నా స్టూడెంటే. పునాది ఏసింది నేనే. నా సెంటర్లో కంప్యూటర్ ముట్టి ముట్టి ఇంతయింది" అన్నాడు. అందరూ తలలూపారు. ఒకాయన ఆయనకు దండం కూడా పెట్టాడు. పెద్దాయన, పోనీలే అంది మా అమ్మ.

ఆ రాత్రి ఆయన పేరు వెతికాను. ఏమీ రాలేదు. ఆ తరువాత కూడా అప్పుడప్పుడు వెతుకుతూ వచ్చాను, ఏమీ రాలేదు. ఈ పుస్తకం అచ్చయ్యాక ఈ వ్యాసాన్ని వెబ్‌లో కూడా పెడతామని ప్రచురణకర్తలు చెప్పారు. శీర్షికలో ఏ పేరుండాలో, ఒక పేరు ఎన్నిసార్లు, ఏ ఊరి పేరుతో కలిసి వస్తే అది అన్నిటికన్నా పైన కనబడుతుందో నాకు తెలుసు, అది నా వృత్తి. ఆయన దగ్గర ఇప్పుడు ఫోనుంది, చేయడానికి పనేమీ లేదు. ఎంత పెద్దవాళ్లయినా ఒకసారి వాళ్ల పేరు వాళ్లే కొట్టి చూసుకుంటారు. చెన్నరాయస్వామి, కంప్యూటర్ సెంటరు, బాగేపల్లి. కొట్టండి సార్. పేజీ పైనుంచి కిందికి దిగుతుంది, మొదటి వరుసలోనే బొరుగులు కనబడతాయి.